వంద దగ్గర ఆగిన జాబితా: నిర్మాణ సాఫ్ట్‌వేర్ ఏపీఐ నుంచి రికార్డులన్నీ తెచ్చుకోవడం ఎలా

ఒక నిర్మాణ ప్రాజెక్టు కోసం నేను రాసిన రిపోర్టులో, జవాబు రావాల్సిన ఆర్‌ఎఫ్‌ఐల, అంటే సైటు నుంచి డిజైనర్‌కి వెళ్లిన ప్రశ్నల, సంఖ్య వరుసగా మూడు వారాలు 100 అనే కనిపించింది. మొదటి వారం ఎవరికీ అనుమానం రాలేదు, రెండో వారమూ రాలేదు. మూడో వారం సైట్ ఇంజినీరు ఒకాయన ఫోన్ చేసి, "నేను పోయిన గురువారం పంపిన ఆర్‌ఎఫ్‌ఐ మీ లిస్టులో లేదేంటండీ?" అని అడిగాడు. అప్పుడు తెరిచి చూస్తే అసలు సంఖ్య 138. ఆ ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ సాఫ్ట్‌వేర్‌ని డేటా అడిగే దారి) ఒక్కసారి అడిగితే 100 రికార్డులే ఇస్తుంది, అదీ పాతవి ముందు, కొత్తవి వెనక. నా స్క్రిప్టు మొదటి పేజీ అందుకుని అక్కడితో ఆగిపోయింది. కొత్తగా వచ్చిన ప్రతి ప్రశ్నా రెండో పేజీలోకి వెళ్లి పడుతోంది.

ఎక్కడా ఎర్రర్ లేదు. సర్వర్ ప్రతిసారీ 200 అనే జవాబు ఇచ్చింది, అంటే అంతా సవ్యంగా ఉందని. నిజానికి సర్వర్ తప్పేమీ చెయ్యలేదు, అడిగిన పేజీ అడిగినట్టే ఇచ్చింది. మిగతా పేజీలు అడగాల్సింది నా ప్రోగ్రామ్.

ఈ రంగం తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఆర్‌ఎఫ్‌ఐ అంటే సైటులో ఉన్నవాళ్లు డిజైనర్‌కి రాతపూర్వకంగా పంపే ప్రశ్న. డ్రాయింగులో ఒక డక్టు సరిగ్గా బీమ్ మధ్యలోంచి పోతున్నట్టు ఉంటే, దాన్ని కిందికి దించాలా, బీమ్‌లో రంధ్రం వదలాలా అన్నది తేలేదాకా అక్కడ కాంక్రీటు పోయడానికి లేదు. సబ్మిటల్ (ఆమోదం కోసం పంపే సామగ్రి వివరాలు), పంచ్ లిస్టు (చివర్లో సరిచేయాల్సిన పనుల జాబితా), చేంజ్ ఆర్డర్ (ఒప్పందంలో మార్పు), ఇన్‌స్పెక్షన్ కూడా ఇలాంటివే. ప్రతి రికార్డు వెనకా ఆగిపోయిన పనో, రావాల్సిన డబ్బో, ఎదురుచూస్తున్న మనిషో ఉంటారు. అందుకే జాబితాలో ఒకటి తగ్గిందంటే నేను తేలిగ్గా తీసుకోలేను. జాబితా రావడం వేరు, మొత్తం జాబితా రావడం వేరు. ఫిల్టర్లూ పేజీలూ కలిసినప్పుడు ఆ తేడా ఎక్కడెక్కడ పుడుతుందో ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

ముందు ప్రాజెక్టు, ఆ తర్వాతే రికార్డు

నిర్మాణ సాఫ్ట్‌వేర్‌లో డేటా అంతస్తులుగా ఉంటుంది. పైన కంపెనీ, దాని కింద ప్రాజెక్టులు, ఒక్కో ప్రాజెక్టు కింద రకరకాల రికార్డులు. "కంపెనీ మొత్తంలో తెరిచి ఉన్న ఆర్‌ఎఫ్‌ఐలన్నీ ఇవ్వు" అని ఒకే మాటలో అడగాలని మనకుంటుంది. చాలా ఎండ్‌పాయింట్లు (ఏపీఐలో ఒక్కో రకం డేటా అడిగే చిరునామాలు) మాత్రం ప్రాజెక్టు ఐడీ ఇస్తేనే పలుకుతాయి. కాబట్టి ముందు ప్రాజెక్టుల జాబితా తెచ్చుకుని, తర్వాత ఒక్కో ప్రాజెక్టు లోపలికి వెళ్లాలి. ఆ ప్రాజెక్టుల జాబితా కూడా పేజీలుగానే వస్తుందన్న సంగతి చాలామంది మర్చిపోతారు. రికార్డుల్ని చదివే లోపలి లూప్‌ని ఎంత జాగ్రత్తగా రాసినా, ప్రాజెక్టుల్ని చదివే బయటి లూప్ మొదటి పేజీతో ఆగిపోతే కొన్ని ప్రాజెక్టులు మొత్తానికే రావు. ఒక రికార్డు తప్పిపోతే దాన్ని పంపినవాళ్లు అడుగుతారు. ప్రాజెక్టే తప్పిపోతే, అసలు ఆ రిపోర్టు ఒకటుందని కూడా అక్కడివాళ్లకు తెలియకపోవచ్చు.

ఐడీల దగ్గర ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి ఒక్కో పద్ధతి. ప్రోకోర్ అనే నిర్మాణ సాఫ్ట్‌వేర్‌లో ఏ కంపెనీ డేటా అడుగుతున్నామో రిక్వెస్టు హెడర్‌లో (రిక్వెస్టుతో పాటు వెళ్లే అదనపు వివరాల్లో) చెప్పాలి. ఆటోడెస్క్ కన్‌స్ట్రక్షన్ క్లౌడ్‌లో ఫైళ్లు, ఫోల్డర్లు చూసే డేటా మేనేజ్‌మెంట్ ఏపీఐకి ప్రాజెక్టు ఐడీ ముందు "బి" అనే అక్షరం, ఒక చుక్క కావాలి. అదే ప్రాజెక్టులోని ఇష్యూలు (నమోదు చేసిన సమస్యలు) అడిగేటప్పుడు ఆ రెండూ తీసేసి పంపాలి. ఒకచోట పనిచేసిన ఐడీ ఇంకోచోట దొరకడం లేదంటే ముందు అనుమానించాల్సింది ఇలాంటి వాటినే.

పేజీని అడిగే తీరు

పేజీలు అడగడానికి రెండు పద్ధతులు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకదాంట్లో పేజీ నంబరు, పేజీకి ఎన్ని కావాలో ఆ సంఖ్య పంపుతాం. ప్రోకోర్‌ది ఈ పద్ధతి. రెండోదాంట్లో లిమిట్, ఆఫ్‌సెట్ పంపుతాం, అంటే ఎన్ని కావాలి, ముందు ఎన్నిటిని దాటేయాలి అని. ఆటోడెస్క్ ఇష్యూస్ ఏపీఐది ఈ పద్ధతి. లోపల లెక్క రెండింటికీ ఒకటే. పేజీకి 100 చొప్పున మూడో పేజీ అడిగితే 201 నుంచి 300 దాకా వస్తాయి. ఆఫ్‌సెట్ 200, లిమిట్ 100 అని అడిగినా అవే వస్తాయి. పేజీ నంబరు మామూలుగా 1 నుంచి, ఆఫ్‌సెట్ 0 నుంచి మొదలవుతాయి.

ఇంత సులువైన లెక్కలో కూడా ఒక గొయ్యి ఉంది. ప్రతి ఏపీఐకీ పేజీ పరిమాణం మీద ఒక గరిష్ఠ హద్దు ఉంటుంది. మనం 1,000 అడుగుతాం. హద్దు 100 అయితే కొన్ని సర్వర్లు ఎర్రర్ ఇస్తాయి, ఆ బాధ మంచిదే, వెంటనే తెలుస్తుంది. కొన్ని సర్వర్లు ఏమీ అనకుండా 100 ఇచ్చి ఊరుకుంటాయి. మన లూప్ మాత్రం 1,000 వచ్చాయనుకుని ఆఫ్‌సెట్‌ని 1,000కి జరుపుతుంది. 101 నుంచి 1,000 దాకా ఉన్న 900 రికార్డుల్ని ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. తర్వాతి అడుగులోనూ అంతే. అందుకే ఆఫ్‌సెట్‌ని అడిగినంత జరపకూడదు, చేతికి వచ్చినంతే జరపాలి. పేజీ నంబర్లతో నడిచే చోట ఈ ప్రమాదం లేదు కానీ, అక్కడ "1,000 కన్నా తక్కువ వచ్చాయి, కాబట్టి ఇదే చివరి పేజీ" అని లూప్ ఆగిపోతుంది. రెండిట్లోనూ తప్పు ఒకటే: సర్వర్ ఏం ఇచ్చిందో చూడకుండా మనం ఏం అడిగామో దాన్నే నమ్మడం.

సర్వర్ ఏం ఇచ్చిందో అదే చెబుతుంది, చూసే చోటు తెలియాలి. ప్రోకోర్ జవాబులో రికార్డులు బాడీలో, అంటే జవాబు అసలు భాగంలో, వస్తాయి, మొత్తం ఎన్ని, పేజీకి ఎన్ని అన్నవి హెడర్లలో వస్తాయి. ఆటోడెస్క్ ఇష్యూస్ ఏపీఐ ఆ వివరాల్ని బాడీలోనే, రికార్డుల పక్కన విడిగా ఒక భాగంగా పెడుతుంది. హెడర్లు పారేసి బాడీ మాత్రమే చేతికిచ్చే లైబ్రరీ వాడుతుంటే, మొత్తం సంఖ్య మన కళ్లముందు నుంచి వెళ్లిపోయినా తెలియదు.

హెడర్లలో లింక్ అనేది ఒకటుంటుంది. తర్వాతి పేజీ చిరునామా, చివరి పేజీ చిరునామా అందులో రాసి ఉంటాయి. ఇది ఒక కంపెనీ సొంతంగా కనిపెట్టిన ఏర్పాటు కాదు. 2010లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 5988గా వచ్చి, 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8288గా సవరించిన ప్రమాణం. అది దొరికిన చోట చిరునామాని మనం కట్టుకోకుండా, ఇచ్చిన దాన్ని ఇచ్చినట్టే పిలవడం మేలు. మనం పెట్టిన ఫిల్టర్లు అందులోనే కలిసి వస్తాయి కాబట్టి, మొదటి పేజీకి ఫిల్టర్ పెట్టి రెండో పేజీకి మర్చిపోవడం అనే తప్పుకి చోటుండదు.

చదువుతుండగా కదిలే జాబితా

ఇప్పటిదాకా చెప్పినవి చూసి రాసుకుంటే తప్పించుకోగలిగేవి. ఇప్పుడు చెప్పబోయేది కోడ్ పూర్తిగా సరిగ్గా ఉన్నా జరుగుతుంది. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో బాగా అర్థం చేసుకోవాల్సింది ఇదే.

ప్రాజెక్టులో తెరిచి ఉన్న ఆర్‌ఎఫ్‌ఐలు 250 అనుకుందాం. ఫిల్టర్: స్టేటస్ ఓపెన్. పేజీకి 100. మనం మొదటి పేజీ తెచ్చుకున్నాం, 1 నుంచి 100 దాకా చేతిలో ఉన్నాయి. రెండో పేజీ అడిగేలోపు ఎక్కడో ఒక ఆర్కిటెక్టు 40వ ఆర్‌ఎఫ్‌ఐకి జవాబు రాసి క్లోజ్ చేశారు. ఇప్పుడు ఓపెన్ జాబితాలో 249 ఉన్నాయి. 41వది 40వ స్థానానికి, 101వది 100వ స్థానానికి జరిగాయి. రెండో పేజీ అంటే సర్వర్ లెక్కలో ఇప్పటి 101వ స్థానం నుంచి. అక్కడ ఇప్పుడు కూర్చున్నది ఇంతకుముందు 102వది. పాత 101వ రికార్డు మొదటి పేజీలో మనకు రాలేదు, రెండో పేజీలోనూ రాదు. అది ఇంకా తెరిచే ఉంది, ఎవరో దాని జవాబు కోసం చూస్తూనే ఉన్నారు. మన రిపోర్టులో మాత్రం లేదు.

చివర్లో లెక్క సరిచూద్దామన్నా పట్టుబడదు. సర్వర్ చెప్పే మొత్తం 249. మన దగ్గర ఉన్నవి 249. 250లో ఒకటి తప్పిపోయింది, క్లోజ్ అయిన 40వది ఇంకా ఓపెన్ అనే పేరుతో మన దగ్గరే ఉంది. ఒక లోటూ ఒక మిగులూ కలిసి లెక్కని సరిచేశాయి. సంఖ్య సరిపోయినంత మాత్రాన జాబితా సరైనదని నమ్మకూడదని నాకు అర్థమైంది ఇక్కడే.

ఇదే తిరగబడి కూడా జరుగుతుంది. కొత్తవి ముందు వచ్చేలా వరస పెట్టి చదువుతున్నప్పుడు ఒక కొత్త ఆర్‌ఎఫ్‌ఐ వస్తే, అన్నీ ఒక మెట్టు కిందికి దిగుతాయి. మొదటి పేజీలో చివర ఉన్నది రెండో పేజీలో మొదటగా మళ్లీ కనిపిస్తుంది. ఇది డూప్లికేట్. ఐడీ ఆధారంగా దాచుకుంటే రెండోసారి వచ్చింది మొదటిదాని మీదే పడుతుంది, నష్టం లేదు. అందుకే డూప్లికేట్ గురించి నాకు టెన్షన్ ఉండదు. లోటు విషయంలో మాత్రం తప్పకుండా ఉంటుంది, దాన్ని కంటితో పట్టుకునే దారి లేదు కాబట్టి.

మందు ఉంది. లోటు రావడానికి రెండు కారణాలు కలవాలి: స్థానాన్ని బట్టి పేజీ కోయడం, కోస్తుండగా జాబితాలోంచి రికార్డులు బయటికి పోవడం. రెండో కారణాన్ని మనం చాలావరకు తీసేయొచ్చు. స్టేటస్ లాంటి మారిపోయే గుణం మీద ఫిల్టర్ పెట్టకుండా, ఎప్పటికీ మారని దాని మీద పెట్టాలి. ఉదాహరణకు ఆర్‌ఎఫ్‌ఐ పుట్టిన తేదీ. వరస కూడా పుట్టిన తేదీ ప్రకారం, పాతవి ముందు వచ్చేలా ఉండాలి. అప్పుడు ఎవరు దేన్ని క్లోజ్ చేసినా దాని చోటు మారదు, కొత్తగా వచ్చేవి తోక దగ్గర చేరతాయి. ఓపెన్ ఏవో క్లోజ్ ఏవో రికార్డులు చేతికి వచ్చాక మనమే విడదీసుకోవచ్చు. నాలుగు పేజీలు ఎక్కువ చదవాల్సి వస్తుంది, నిజమే. తెరిచి ఉన్న ప్రశ్న ఒకటి మాయం కాకుండా ఉండటానికి ఆ నాలుగు పేజీలు పెద్ద ఖర్చని నేననుకోను. ఇక మిగిలేది తొలగింపులు. మధ్యలో ఎవరైనా రికార్డుని డిలీట్ చేస్తే ఒక మెట్టు జారుడు ఇంకా ఉంటుంది. దానికి పక్క పేజీలు ఒకదాని మీద ఒకటి కొంచెం పడేలా, అంటే ఆఫ్‌సెట్‌ని 100కి బదులు 95 చొప్పున జరుపుతూ చదవడం ఒక నాటు పద్ధతి. అది బాగానే పనిచేస్తుంది.

మొదటి కారణాన్నే తీసేసే పద్ధతి కర్సర్. ఇందులో "200 దాటేసి తర్వాతివి ఇవ్వు" అని అడగం. "నేను చివరగా చూసింది ఇది, దీని తర్వాతివి ఇవ్వు" అంటాం. పుస్తకంలో ఎన్నో పేజీ అని గుర్తుపెట్టుకోవడానికీ, చదివిన చోట దారం పెట్టుకోవడానికీ ఉన్న తేడా ఇది. వెనక పేజీలు చినిగినా దారం ఉన్న చోటే ఉంటుంది. డేటాబేస్‌కి కూడా ఇదే సుఖం. ఆఫ్‌సెట్ 50,000 అంటే అది 50,000 వరసలు నడిచి వాటిని పారేసి, ఆ తర్వాత మనకు కావాల్సినవి తీస్తుంది. లోపలికి వెళ్లేకొద్దీ పేజీలు నెమ్మదించడానికి కారణం ఇదే. కర్సర్ ఉంటే ఇండెక్స్ పట్టుకుని నేరుగా ఆ చోటికే వెళ్తుంది.

కర్సర్‌కీ కొన్ని షరతులు ఉన్నాయి. ఏ ఫిల్టర్‌తో మొదలుపెట్టామో అదే ఫిల్టర్‌తో చివరిదాకా పోవాలి. రోజుల తరబడి దాచుకుంటే చెల్లకపోవచ్చు. మనమే కర్సర్ లాంటిది కట్టుకుంటున్నప్పుడు ఇంకొకటి: మార్పు సమయం ఒక్కటే ఆధారం చేసుకుంటే చాలదు. ఎక్సెల్ నుంచి 300 పంచ్ లిస్టు అంశాలు ఒకేసారి ఎక్కిస్తే అన్నిటికీ ఒకే సెకను పడొచ్చు. ఆ సెకను "తర్వాతివి" అని అడిగితే పేజీలో పట్టని మిగతా 200 గల్లంతవుతాయి. సమయం సమానమైన చోట ఐడీ చూసి వరస తేల్చాలి.

ఫిల్టర్ విన్నదా, విననట్టు ఊరుకుందా

ఫిల్టర్లలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది అక్షర దోషం. ఫిల్టర్ పేరులో ఒక్క అక్షరం తప్పు పోతే చాలా సర్వర్లు ఎర్రర్ ఇవ్వవు. తనకు తెలియని పేరు కదా అని పక్కన పెట్టి, ఫిల్టరే లేనట్టు మొత్తం జాబితా ఇచ్చేస్తాయి. చేతికి రికార్డులు వస్తాయి, చూడటానికి బాగానే ఉంటాయి. అందుకే కొత్త ఫిల్టర్ ఏది రాసినా నేను ముందు దాన్ని పరీక్షిస్తాను: దానికి అసాధ్యమైన విలువ ఒకటి ఇస్తాను, ఉదాహరణకు 1900 సంవత్సరానికి ముందు పుట్టిన రికార్డులు ఇవ్వమని. సున్నా వస్తే ఫిల్టర్ పనిచేస్తున్నట్టు. రికార్డులు వస్తే సర్వర్ నా మాట వినలేదన్నమాట.

ఈ సాఫ్ట్‌వేర్లలో ఫిల్టర్ పేరుని తరచుగా చదరపు బ్రాకెట్ల మధ్య రాస్తారు. 2005 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3986 ప్రకారం వెబ్ చిరునామాలో చదరపు బ్రాకెట్లు ప్రత్యేక గుర్తులు, వాటిని శాతం గుర్తు పక్కన 5బి, 5డి అనే సంకేతాలుగా మార్చి పంపాలి. చాలా లైబ్రరీలు ఆ పని వాటంతట అవే చేస్తాయి. మనం చేత్తో కూడా మార్చి ఇస్తే అవి మళ్లీ మారుస్తాయి, అప్పుడు ఫిల్టర్ పేరే పాడవుతుంది. పైన చెప్పిన మౌనం మళ్లీ ఎదురవుతుంది.

దీనికన్నా చిన్నది, దీనికన్నా దొంగది ప్లస్ గుర్తు. తేదీ, సమయం రాయడానికి 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3339 పద్ధతిలో చివర టైమ్ జోన్ ఉంటుంది: +02:00 లాంటిది. చిరునామాలోని ప్రశ్న భాగంలో ప్లస్ గుర్తుని చాలా సర్వర్లు ఖాళీ స్థలంగా చదువుతాయి. మనం పంపింది ప్లస్ రెండు గంటలు, సర్వర్‌కి చేరింది ఒక ఖాళీ, దాని పక్కన 02:00. కొన్ని తిరస్కరిస్తాయి. కొన్ని టైమ్ జోన్ లేదనుకుని యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) తీసుకుంటాయి. జాబితా రెండు గంటలు పక్కకి జరుగుతుంది. ప్లస్‌ని శాతం గుర్తు పక్కన 2బి అని రాస్తే సరిపోతుంది. నేనైతే ఆ గొడవే లేకుండా సమయాన్ని ముందే యూటీసీలోకి మార్చి, చివర జెడ్ అక్షరం పెట్టి పంపుతాను.

తేదీల విషయంలో అంచులు కూడా చూసుకోవాలి. "31వ తేదీ వరకు" అని గంట చెప్పకుండా అడిగితే, సర్వర్ దాన్ని 31వ తేదీ అర్ధరాత్రి 00:00 అని తీసుకోవచ్చు. అప్పుడు ఆ రోజంతా జరిగిన పని జాబితాలో ఉండదు. నెలాఖరున చేంజ్ ఆర్డర్లు ఎక్కువగా నమోదయ్యే చోట ఆ ఒక్క రోజే ముఖ్యమైన రోజు. మొదటి అంచుని కలుపుకుని, రెండో అంచుని వదిలేసే పద్ధతి నాకు నచ్చుతుంది: 1వ తేదీ 00:00 నుంచి, వచ్చే నెల 1వ తేదీ 00:00కి ముందు దాకా. నెలలు ఒకదాని మీద ఒకటి పడవు, మధ్యలో ఖాళీ ఉండదు. డెయిలీ లాగ్‌కి (సైటులో రోజువారీ పని నమోదుకి) మాత్రం సమయం కన్నా సైటు తేదీ ముఖ్యం. రాత్రి షిఫ్టులో పోసిన కాంక్రీటు యూటీసీ లెక్కన ఇంకో రోజుకి వెళ్లిపోవచ్చు, కానీ సైటు పుస్తకంలో అది ఏ రోజుదో ఆ రోజుదే.

స్టేటస్ ఫిల్టర్ గురించి క్లుప్తంగా. తెరమీద కనిపించే మాటా, ఏపీఐ లోపల వాడే విలువా ఒకటే కాకపోవచ్చు. కంపెనీలు సొంత స్టేటస్‌లు పెట్టుకునే వీలున్న చోట "ఓపెన్" అని ఒక్కటే అడిగితే "సమీక్షలో ఉంది", "తిరిగి పంపారు" లాంటివి జారిపోతాయి. ముందుగా ఆ ప్రాజెక్టులో ఉన్న స్టేటస్‌లన్నీ తెచ్చుకుని, వాటిలో ఏవి తెరిచి ఉన్నట్టు లెక్కో ప్రాజెక్టువాళ్లనే అడిగి రాసుకోవాలి.

ఇవన్నీ మనం పెట్టే ఫిల్టర్లు. మనం పెట్టనిది ఇంకొకటి ఎప్పుడూ ఉంటుంది: అనుమతి. టోకెన్ (ఏపీఐకి మనమెవరో చెప్పే తాళంచెవి లాంటిది) ఏ ఖాతాదో, ఆ ఖాతా చూడగలిగినవే వస్తాయి. ఆ ఖాతాని ఒక ప్రాజెక్టులో చేర్చకపోతే ఆ ప్రాజెక్టే రాదు. చేర్చినా, కొందరికే కనిపించేలా ప్రైవేటు అని గుర్తుపెట్టిన రికార్డులు రావు. సర్వర్ చెప్పే మొత్తం సంఖ్య కూడా సాధారణంగా ఈ ఖాతాకి కనిపించేవాటి మొత్తమే. కాబట్టి సున్నా వచ్చినప్పుడు దానికి రెండు అర్థాలు ఉంటాయి: ఏమీ లేవని ఒకటి, నీకు కనిపించవని రెండోది. రిపోర్టు చదివేవాళ్లు ఎప్పుడూ మొదటి అర్థమే తీసుకుంటారు. అందుకని ప్రాజెక్టుల జాబితాని ఏపీఐ నుంచి కాకుండా ఇంకో దారిలో, ఉదాహరణకు అకౌంట్స్ విభాగం దగ్గరున్న జాబితాతో ఒకసారి పోల్చి చూడటం నాకు అలవాటైంది.

ఎక్కడ ఆగాలి, ఎంత వేగంగా అడగాలి

తక్కువ రికార్డులున్న పేజీ వస్తే అదే చివరిదని అనుకోవడం సహజం. కానీ కొన్ని వ్యవస్థలు ముందు పేజీ కోసి, తర్వాత ఫిల్టర్ వేస్తాయి. అమెజాన్ డైనమోడీబీ డేటాబేస్ ఒక్కసారికి గరిష్ఠంగా 1 ఎంబీ డేటా చదివి, ఆపైన ఫిల్టర్ వేస్తుంది. అందుకే ఒక్క రికార్డూ లేని పేజీ వచ్చి, దాని తర్వాత ఇంకా పేజీలు ఉండటం అక్కడ మామూలే. వెనక ఏ డేటాబేస్ ఉందో మనకు తెలియదు కాబట్టి, తర్వాతి పేజీ లింకో కర్సరో ఇచ్చినంతకాలం నడవాలి, ఇవ్వనప్పుడే ఆగాలి. అవి లేని ఏపీఐలో ఖాళీ పేజీ వచ్చేదాకా వెళ్లాలి. చివరి పేజీ దాటాక మళ్లీ చివరి పేజీనే ఇచ్చే సర్వర్లు కూడా ఉంటాయి కాబట్టి, పేజీ మొత్తంలో కొత్త ఐడీ ఒక్కటీ లేకపోతే ఆపేసే కాపలా కూడా పెట్టుకోవాలి.

మధ్యలో ఏదైనా పేజీ విఫలమైతే? పొడవైన పరుగులో టోకెన్ గడువు తీరి 401, అంటే గుర్తింపు చెల్లదనే జవాబు, రావొచ్చు. కొత్త టోకెన్ తీసుకుని అదే పేజీని మళ్లీ అడగాలి. ఎర్రర్‌ని లాగ్‌లో రాసి తర్వాతి పేజీకి పోయే కోడ్ నేను చాలాచోట్ల చూశాను. ఏడో పేజీ విఫలమైతే 100 రికార్డుల గుంత పడి, మిగతావన్నీ నున్నగా కనిపిస్తాయి. అన్ని పేజీలూ వచ్చేదాకా కొత్త డేటాని పక్కన విడిగా పెట్టుకుని, పూర్తయ్యాకే పాతదాని స్థానంలో పెట్టాలి. నిన్నటి పూర్తి జాబితా చూపించి "ఇది నిన్నటిది" అని రాయడం, ఇవాళ్టి సగం జాబితాని పూర్తిది అన్నట్టు చూపించడం కన్నా నిజాయితీ.

ఎక్కువగా అడిగితే సర్వర్ 429 ఇస్తుంది, అంటే చాలా రిక్వెస్టులు వచ్చాయి, ఆగమని. 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6585తో వచ్చిన కోడ్ ఇది. ఎంతసేపు ఆగాలో చెప్పే హెడర్ దాంతో రావొచ్చు, అందులో సెకన్లు గానీ, ఒక తేదీ గానీ ఉంటాయి. అది ఉంటే అంతసేపు ఆగాలి. లేకపోతే ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ పెంచుతూ, ప్రతిసారీ కొంచెం అటూ ఇటూగా ఆగాలి. అలా అటూ ఇటూ చెయ్యకపోతే ఆగిన ప్రోగ్రాములన్నీ ఒకే క్షణంలో లేచి మళ్లీ మీదపడతాయి.

ఒక లెక్క చూడండి. 40 ప్రాజెక్టులు, ఒక్కోదాంట్లో 6 రకాల రికార్డులు. ఏమీ మారని రోజున కూడా కనీసం 240 రిక్వెస్టులు. జాబితాలో పూర్తి వివరాలు రావు కాబట్టి ఒక్కో రికార్డుని విడిగా మళ్లీ అడిగితే, 2,400 ఆర్‌ఎఫ్‌ఐలకి ఇంకో 2,400. పేజీ పరిమాణం పెంచడం మొదటి భాగాన్ని ఆ 240 దాకా తగ్గించగలదు గానీ, రెండో భాగానికి అది మందు కాదు. మారినవాటి వివరాలే అడగడం దానికి మందు.

మారినవే తెచ్చుకోవడం

ప్రతిసారీ మొదటి నుంచి చదవకుండా, కిందటిసారి తర్వాత మారినవి మాత్రమే అడగొచ్చు. మార్పు సమయం మీద ఫిల్టర్ పెడతాం, చివరగా చూసిన సమయాన్ని గుర్తు పెట్టుకుంటాం. ఆ గుర్తు మన కంప్యూటర్ గడియారం నుంచి తీసుకోకూడదు, వచ్చిన రికార్డుల్లో కనిపించిన అతి పెద్ద మార్పు సమయం నుంచే తీసుకోవాలి. రెండు గడియారాలు ఎప్పుడూ ఒకలా ఉండవు.

అయినా ఒక సందు మిగులుతుంది. ఒక రికార్డు మీద 9:59:58 అని సమయం పడింది, కానీ పెద్ద అటాచ్‌మెంట్ ఉండటం వల్ల అది డేటాబేస్‌లో నిజంగా స్థిరపడింది 10:00:03కి. మనం 10:00:00కి చదివాం, అప్పటికి 9:59:59 నాటి వేరే రికార్డు కనిపించింది, గుర్తు అక్కడ పెట్టుకున్నాం. మళ్లీసారి 9:59:59 తర్వాతివి అడిగితే ఆ 9:59:58 రికార్డు ఇక ఎప్పటికీ రాదు. అందుకే గుర్తుకి ఒక పది నిమిషాలు వెనక్కి వెళ్లి అడగాలి. కొన్ని రెండోసారి వస్తాయి, ఐడీ మీద దాచుకుంటున్నాం కాబట్టి వాటితో ఇబ్బంది లేదు.

ఇంకో సంగతిని ప్రయోగం చేసి తెలుసుకోవాలి. ఆర్‌ఎఫ్‌ఐకి ఒక జవాబు గానీ, ఫొటో గానీ చేరిస్తే ఆర్‌ఎఫ్‌ఐ మార్పు సమయం మారుతుందా? కొన్నిచోట్ల మారుతుంది, కొన్నిచోట్ల జవాబుకి మాత్రమే కొత్త సమయం పడుతుంది. మారని చోట, డిజైనర్ ఇచ్చిన జవాబు మన రిపోర్టుకి చేరదు. ఒక పరీక్ష ప్రాజెక్టులో ఒక వ్యాఖ్య రాసి, రికార్డుని ముందూ వెనకా చదివి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. మార్పు జరగగానే కబురు పంపే వెబ్‌హుక్‌లు ఉన్నా నేను వాటిని తలుపు చప్పుడుగానే తీసుకుంటాను. చప్పుడు విని వెళ్లి రికార్డుని ఏపీఐ నుంచే చదువుతాను. ఆ సమయానికి మన సర్వర్ ఆగి ఉంటే ఆ కబురు చేరకపోవచ్చు.

తొలగించిన రికార్డులు ఈ పద్ధతిలో కనిపించవు. లేనిదానికి మార్పు సమయం ఉండదు కాబట్టి ఫిల్టర్‌కి చిక్కదు. దానికోసం వారానికి ఒకసారి పూర్తి పరుగు పెట్టి, ఐడీలు మాత్రం తెచ్చుకుని మన దగ్గరున్నవాటితో పోల్చాలి. మన దగ్గర ఉండి అక్కడ లేనివాటిని వెంటనే చెరిపేయకూడదు. ఒక్కొక్కదాన్నీ ఐడీతో విడిగా అడిగి చూడాలి. పేజీలు జారినందువల్ల తప్పిపోయినదైతే అది మామూలుగా దొరుకుతుంది. 404, అంటే దొరకలేదనే జవాబు, వచ్చినా తొలగించారని తేల్చడానికి లేదు, అనుమతి లేనివాటికి కూడా 404 ఇచ్చే సర్వర్లు ఉన్నాయి. నేను అలాంటి రికార్డుల మీద "ఫలానా తేదీ నుంచి కనిపించడం లేదు" అని గుర్తు వేసి, జాబితాని ప్రాజెక్టు అడ్మిన్‌కి పంపుతాను. వారంలో రెండో మూడో కనిపించకపోతే అవి చాలావరకు నిజంగా తొలగించినవే. ఒకే ప్రాజెక్టులో 60 ఒకేరోజు కనిపించకుండా పోతే మాత్రం రికార్డుల జోలికి వెళ్లను. ముందు మన ఖాతా ఇంకా ఆ ప్రాజెక్టులో ఉందో లేదో అడుగుతాను.